పందొమ్మిది మూరల శాల

మా పెద్దెద్దును చంపింది మా గుర్రం కాదు. మీరు.

పేరు పెట్టే చెబుతాను. ప్రెసిడెంటు గణపతిరావు గారూ, మీరు. ఆయన అరుగు మీద కూర్చుని తలలూపిన పెద్దమనుషులూ, మీరు. శాల కట్టేవాడినీ, శాలలో పశువును కట్టేవాడినీ, శాలలో పేడ తీసేదాన్నీ ఒక్క మాట అడక్కుండా, దాని పొడవెంతో వెడల్పెంతో తీర్మానించింది మీరే. ఆరు మూరల వెడల్పు కావాలని నా పెనిమిటి మొత్తుకుంటే, ఆరైతే గాడిద ఆయం వస్తుంది, ఐదు చెయ్యండి, వృషభం వస్తుంది అని ఒక మూర కోసేశారు. ఆ మూర ఎద్దు ప్రాణం తీసింది.

ఆయమంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెబుతాను. పొడవును వెడల్పుతో హెచ్చవేస్తారు. వచ్చినదాన్ని ఎనిమిదితో భాగిస్తారు. మిగిలిన శేషమే ఆయం. ఒకటి మిగిలితే జెండా, రెండైతే పొగ, మూడైతే సింహం, నాలుగైతే కుక్క, ఐదైతే ఎద్దు, ఆరైతే గాడిద, ఏడైతే ఏనుగు, ఏమీ మిగలకపోతే కాకి. పశువుల శాలకి ఎద్దు రావాలట. తొమ్మిది మూరల పొడవు, ఐదు మూరల వెడల్పు, నలభై ఐదు. శేషం ఐదు. లెక్క కుదిరింది. గుర్రం కుదరలేదు.

ఐదు మూరలంటే ఏడున్నర అడుగులు. అందులో గడ్డి వేసే గాడికే అడుగున్నర పోయింది. మా రంగి జట్కా లాగే ఆడ గుర్రం. గాడి ముందు నిలబడితే తోక వెనక గోడకి తగిలేది. గుర్రం నిలబడే నిద్రపోతుందని మీకెవరో చెప్పారు. నిలబడి కునుకుతుంది, నిజమే. ఒళ్ళు మరిచి నిద్రపోవాలంటే దానికీ నడుం వాల్చే చోటు కావాలి. నెలన్నర అది నడుం వాల్చలేదు. భాద్రపదంలో ఒక మధ్యాహ్నం దగ్గర్లో పిడుగు పడితే బెదిరి వెనక్కి తిరగబోయింది. తిరగలేక ఇరుక్కుని తన్నింది. పక్కన పడుకున్న పెద్దెద్దు కాలు విరిగింది. పదో రోజుకి అది పోయింది.

అప్పుడైనా ఆ మూర సంగతి ఎత్తారా? గుర్రమూ ఎద్దూ ఒక కప్పు కింద ఉంటే అరిష్టమని తీర్పు చెప్పి చుట్టలు ముట్టించారు. మిగిలిన వానలన్నీ రంగి వీధిలో నిలబడి తడిసింది.

నేను చెప్పబోయేది ఆ తర్వాతి ఎండాకాలం సంగతి. పోయినేడు, చైత్రం నుంచి ఆషాఢం దాకా.

*

మా ఊరు కోటబొమ్మాళి స్టేషనుకి కూతవేటు దూరం. రైలు దిగినవాళ్ళని మా వీధి జట్కాలే ఊళ్ళకి చేరుస్తాయి. నా పెనిమిటి కూర్మయ్యది జట్కా. ఆయన అన్న, మా బావ ఎల్లాజీది రెండెద్దుల బండి. ప్రెసిడెంటు గారి ధాన్యం మిల్లుకి తోలడం ఆయన పని. మా అత్త దానమ్మకి ఒక గేదె, మూడు మేకలు. ఇల్లు ఒకటే, పొయ్యి ఒకటే.

చైత్రం చివర గాలివాన వచ్చి పాత శాల కప్పు లేపేసింది. గోడలు కూలాయి. అప్పటికి రంగి కడుపుతో ఉన్న సంగతి చూసినవాళ్ళకి తెలుస్తూనే ఉంది. మా వీధి జట్కావాళ్ళలో పెద్దవాడు ఎర్రన్న వచ్చి, పొట్ట తడిమి, ఆషాఢం రెండో వారంలో ఈనుతుందన్నాడు. పోయిన వానల్లో పట్టిన దగ్గు ఇంకా దాని గొంతులోనే ఉందనీ, మళ్ళీ వానలో నిలబెడితే తల్లీ దక్కదు, పిల్లా దక్కదు అనీ అన్నాడు. కూర్మయ్యకి పగ్గం పట్టడం తప్ప వేరే పని తెలియదు. రంగి పోతే మా ఇంట్లో సగం పొయ్యి ఆరిపోయినట్టే.

అంటే మాకున్నవి రెండు నెలలు.

కొత్త శాల కడదాం, అన్ని పశువులూ పట్టేలా కడదాం అని నేనే అన్నాను. బావ అన్నం ముందు కూర్చున్నవాడు చెయ్యి ఆపాడు. గుర్రానికి వేరే పాక వేసుకోమన్నాడు.

"వేరే పాకకి నేలేదీ బావా? నీ నెత్తి మీద ఎయ్యాలా?"

అత్త నవ్వింది. ఆయన నవ్వలేదు.

"నా ఎద్దు సచ్చిపోనాది బుల్లమ్మా. నీకు గురుతు లేదేటి?"

"ఉన్నాది. ఎందుకు సచ్చిపోనాదో అది కూడా గురుతున్నాది."

ఆయన కంచం పక్కకి జరిపాడు. చచ్చినదాని జతకి ఇంకో ఎద్దును అత్తవారి ఊరి నుంచి తోలుకొచ్చుకున్నాడు. ఆ భయం ఆయనది. ఆయన్ని నేను తిట్టను.

నేను బడికి వెళ్ళినదాన్ని కాను. స్టేషను బోర్డు మీద పేరు చూసి అక్షరాలు పట్టుకున్నాను. సంతలో కొన్న ఎక్కాల పుస్తకంతో లెక్క పట్టుకున్నాను. శాల ఎలా కట్టాలో చెప్పే పుస్తకం నాకు దొరకలేదు. అందుకని పశువులనే అడిగాను.

కొబ్బరి తాడు ఒకటి తీసుకున్నాను. స్టేషను వెనక ఇసకలో రంగి దొర్లి లేచాక, దాని ఒంటి ముద్ర ఎంతుందో కొలిచి తాడుకి ముడివేశాను. ఇంటి ముందు నేల మీద బూడిద చల్లి ఎద్దుల్ని కట్టి, పొద్దున్నే అవి పడుకున్న ముద్రలు కొలిచాను. పదిహేను రోజులు ఇదే పని. పడుకున్న చోటు కొలిస్తే సరిపోదని మూడో రోజుకి తెలిసింది. లేచే చోటు కూడా కావాలి. ఎద్దు వెనక కాళ్ళ మీద ముందు లేస్తుంది, తల ముందుకి విసురుతుంది. గుర్రం ముంగాళ్ళు చాపి లేస్తుంది. ఆ చాపిన కాళ్ళు ఒకసారి గాడికి తగిలాయంటే ఇక ఆ చోట పడుకోదు, నిలబడే ఉంటుంది. ఇది మన ఊళ్ళో ప్రతి జట్కావాడికీ తెలుసు. వాడినెవరూ అడగలేదు, అంతే.

తాడు నిండా ముడులు పడ్డాయి. నేను ఆ తాడు నడుముకి చుట్టుకుని తిరిగేదాన్ని. వీధిలో ఆడవాళ్ళు నాకు పిచ్చెక్కిందని చెప్పుకున్నారట. చెప్పుకోనీ.

*

వైశాఖం పున్నమి వెళ్ళిన మర్నాడు కూలిన మట్టి ఎత్తిపోసి, నేల చదును చేసి, ముగ్గు డబ్బా తీసుకొచ్చాను. పడమట మా ఇంటి గోడ. తూర్పున ప్రెసిడెంటు గారి కంచె. ఆ రెంటి మధ్య సరిగ్గా పద్నాలుగు మూరలు. శాల ఎంతుందో అంతా నేల మీద ముగ్గుతో గీశాను. రాటలున్న చోట చుక్కలు, గాడి ఉన్న చోట జంట గీత, తలుపు దగ్గర ఖాళీ. ఇంటి గోడ పక్కన గుర్రానికి మూడు మూరలు, ఎందుకంటే పడమటి జల్లు అక్కడికి రాదు. దాని పక్కన మేకలకి రెండు. గుర్రం ఈనే రోజున రెంటి మధ్య అడ్డుగా కట్టిన వెదురు దబ్బ తీసేస్తే ఐదు మూరల గది అవుతుంది. ఆ తర్వాత గేదెకి మూడు, ఎద్దులకి ఐదు, మూత్రం పోయే కాలువకీ పేడ తట్ట పట్టుకుని మనిషి నడవడానికీ ఒకటి. గుర్రానికీ ఎద్దుకీ మధ్య మేకలూ గేదే గోడలా ఉంటాయి. గుర్రం గాడి రొమ్ము ఎత్తున, ఎద్దుల గాడి మోకాలి ఎత్తున.

వెడల్పు ముందు ఆరు మూరలే గీశాను. తర్వాత రంగిని తోలుకురమ్మన్నాను.

వీధంతా వచ్చింది. పిండి తగలేస్తున్నానని అత్త నెత్తి కొట్టుకుంది. గుర్రానికి గృహప్రవేశం ఎన్ని గంటలకే అని ఎర్రన్న అడిగాడు. నీకు భోజనం పెట్టం మావా, గడ్డే పెడతాం అన్నాను.

కూర్మయ్య రంగిని గీతల్లోకి నడిపించాడు. గాడి గీత దగ్గర నిలబెట్టి, వెనక్కి తిప్పాడు. దాని వెనక గిట్ట ఆరో మూర గీతని చెరిపేసింది. ఒక అర మూర పెంచి గీశాను. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ చెరిగింది. ఏడు మూరలకి గీశాను. రంగి లోపలికి వెళ్ళింది, తిరిగింది, బయటికి వచ్చింది. గీత మీద ఒక్క మరక లేదు.

అప్పటిదాకా నవ్వినవాళ్ళు నవ్వడం ఆపి దగ్గరకి వచ్చారు. ఒకరు కాలువ వాలు ఎటని అడిగారు. ఒకరు తలుపు ఇంకొంచెం ఎత్తు పెట్టమన్నారు, జట్కా గుర్రం బెదిరితే తలెత్తుతుందని. అత్త గేదె ఎవరూ తోలకుండానే వచ్చి గీతలకి అడ్డంగా కూలబడింది. ఎంత అదిలించినా లేవలేదు. దాని చోటు అక్కడే అని ఒప్పుకుని గేదె గీతలు దాని చుట్టూ మళ్ళీ గీశాను. అత్త గర్వపడింది.

ఎండ ఎక్కాక జనం పలచబడ్డారు. నేను డబ్బా కడుగుతుంటే గిట్టల చప్పుడైంది. బావ తన రెండెద్దుల్నీ తోలుకొచ్చి, నా వైపు చూడకుండా, వాటి గీతల్లో నిలబెట్టాడు. ఒకదాన్ని తిప్పి చూశాడు. రెండోదాన్ని తిప్పి చూశాడు.  పోతూ పోతూ చెప్పు కాలితో చెరిగిన ఒక చుక్కని వంగి చేత్తో సరిచేశాడు.

వడ్రంగి సోములు మర్నాడే తాటి రాటలు చెక్కడం మొదలుపెట్టాడు.

*

మొదటి గొయ్యి తవ్వుతుండగా ప్రెసిడెంటు గారు వచ్చారు. వెంట సిద్ధాంతి జగన్నాధం పంతులు గారు. ఆయన ముసలాయన, మెల్లగా నడుస్తారు. పంతులు గారు మూరకర్రతో పొడవు కొలిచారు, వెడల్పు కొలిచారు, వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టుకున్నారు. పద్నాలుగు, ఏడు. తొంభై ఎనిమిది. శేషం రెండు. పొగ.

"పొగాయం," అన్నారు ప్రెసిడెంటు గారు సోములు వైపు తిరిగి. "పైన తాటాకు కప్పు. రేపు అంటుకుందంటే నా మీద పడకండి."

ఆ మాట ఎలా అన్నారో అక్కడున్నవాళ్ళందరికీ అర్థమైంది. సోములు ఉలి తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. పిల్లలున్నవాడు. అతన్నీ తిట్టను.

ఏం చెయ్యాలని కూర్మయ్య అడిగాడు. పంతులు గారు మళ్ళీ కణుపులు లెక్కపెట్టి, పదమూడైతే సింహమనీ, సింహం పశువుల్ని తింటుందనీ, పన్నెండైతే కుక్క అనీ, పదకొండు చేస్తే డెబ్బై ఏడు, శేషం ఐదు, వృషభం అనీ చెప్పారు.

"పదకొండు సేసుకోండి," అన్నారు ప్రెసిడెంటు గారు. "వృషభం రావాల. అది రాకుండా ఒక్క రాట కూడా పాతడానికి లేదు."

పద్నాలుగులో మూడు పోతే పదకొండు. ఆ మూడూ ఎవరివి? గుర్రానివి. లెక్క ఎటు తిప్పినా బయటికి పోయేది గుర్రమే. ఏ మూడు మూరలు తగ్గించాలో గుర్రాన్నడిగి చెప్పమన్నాను.

ఆయన నవ్వారు. నేల మీద ముగ్గు గీతల్ని చెప్పు కొనతో చూపించి, కొండల్లో గొడవలు నడుస్తున్నాయనీ, ఈ రోజుల్లో జనాన్ని పోగేసి నేల మీద పటాలు గీసేవాళ్ళ పేర్లు ఠాణాకి చేరితే బాగుండదనీ నెమ్మదిగా చెప్పారు. ముగ్గుపిండితో గీశాను బాబూ, తుపాకితో కాదు అన్నాను. పేరు చేరనే చేరింది. నాలుగో రోజున ఇద్దరు జవాన్లు వచ్చి నన్ను తీసుకెళ్ళి పొద్దుగూకేదాకా బల్ల మీద కూర్చోబెట్టారు. ఏం గీశావంటే కాగితం ఇమ్మని శాల గీసి చూపించాను. అందులో ఒకతను గేదె మూత్రం ఎటు పోతుందని అడిగాడు. వాళ్ళింట్లోనూ ఉందట. పంపేశారు.

కాని ఆ నాలుగు రోజులూ నేను ఊరికే కూర్చోలేదు. ఎక్కాల పుస్తకం తీసి ఏడో ఎక్కం పదితో ఆపకుండా పైకి చదివాను. పదిహేను, నూట ఐదు, శేషం ఒకటి. పదహారు, నూట పన్నెండు, కాకి. పదిహేడు, ఏనుగు. పద్దెనిమిది, గాడిద. అలా ఒక్కొక్క మెట్టే ఎక్కాను.

నాకు ఆయం మీద నమ్మకం లేదు. నమ్మి చదవలేదు. వాళ్ళ చేతిలో కర్ర ఏ చెట్టుదో చూద్దామని చదివాను.

*

సోమవారం పొద్దున పెద్దలు ప్రెసిడెంటు గారి అరుగు మీద చేరతారు. నేనూ కూర్మయ్యా ఎర్రన్నా వెళ్ళి కింద నిలబడ్డాం. వీధిలోని ఆడవాళ్ళు పదిమంది దాకా మా వెనక వచ్చారు. పంతులు గారు స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నారు. బావ బండి కట్టడానికి వచ్చి ఎద్దుల దగ్గర నిలబడ్డాడు.

"ప్రెసిడెంటు బాబూ, మా శాలకి ఎద్దాయమే రావాలంటారు. అంతేనా?"

"అంతే. ఎన్నిసార్లు సెప్పాల."

"ఎద్దు వస్తే రాటలు పాతుకోవచ్చు. అందరూ వింటన్నారు."

"వస్తే పాతుకో. ఎవులొద్దన్నారు?"

నేను పంతులు గారి వైపు తిరిగాను.

"పంతులు గారూ, తగ్గిస్తేనే వస్తాదా? పెంచితే రాదా?"

ఎంత పెంచుతావని ఆయన అడిగారు. పందొమ్మిది మూరలన్నాను. ఆయన కళ్ళు మూసుకుని బొటనవేలు కణుపుల మీద నడిపించారు. ఏటా ఆయన గాదెకి ధాన్యం కొలిచేది ప్రెసిడెంటు గారే. ప్రెసిడెంటు గారు ఆయన్నే చూస్తున్నారు. పంతులు గారు ఒకసారి లెక్కపెట్టి, ఆగి, మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టారు.

"వస్తుందమ్మా," అన్నారు. "నూట ముప్ఫై మూడు. శేషం ఐదు."

అరుగు మీద ఒకాయన పక్కవాడిని సున్నం అడిగాడు.

పెంచడానికి నేలెక్కడిది, తూర్పు కంచె నాది కదా అన్నారు ప్రెసిడెంటు గారు. కంచె మీదే, నేల మీది కాదన్నాను. ఎర్రన్న ముందుకొచ్చాడు.

"నీదేటి బాబూ. నీ రెండో గడ్డికుప్ప కింద పోరంబోకు రాయి ఉన్నాది. ఆ రాయి మీద కూకునే మా అయ్య సుట్ట కాల్సీవోడు."

వానలు వెళ్ళాక సర్వే చేసేవాణ్ణి పిలిపిస్తాననీ, అప్పుడు చూద్దామనీ ప్రెసిడెంటు గారు లేచి లోపలికి వెళ్ళిపోయారు. వానలు వెళ్ళాక. రంగి కడుపులో పిల్ల అప్పటిదాకా ఆగుతుందా?

మర్నాడు తెల్లారేసరికి మా వీధి ఆడవాళ్ళం పద్దెనిమిది మందిమి కంచె దగ్గరున్నాం. మగవాళ్ళు ముళ్ళకంప తీశారు. మేం గడ్డి మోశాం. మోపు మీద మోపు, ఆయన కళ్ళంలోకే మోసి, అక్కడ కుప్ప మళ్ళీ వేశాం. ఆయన మనుషులు వేసినదాని కంటే నిటారుగా వేశాం. ఒక్క పరక కూడా మా పశువు నోట్లో పడలేదు. దొంగతనమనే మాట రాకూడదని అత్త గేదె మూతికి చిక్కం కట్టింది. ప్రెసిడెంటు గారి జీతగాళ్ళు ఇద్దరు వచ్చి, తమ పెళ్ళాలు కూడా మోపులు మోస్తుండడం చూసి, చింత కింద కూర్చున్నారు.

మధ్యాహ్నానికి రెండో కుప్ప అడుగు కనిపించింది. రాయి ఉంది. కంచెకి నలభై మూరల అవతల, మట్టి పట్టి, నెత్తిన గొడ్డలి గుర్తుతో. ఎర్రన్న దాన్ని తువ్వాలుతో తుడిచి దాని మీద కూర్చున్నాడు. చుట్ట ముట్టించలేదు. చుట్టూ గడ్డి ఉందన్నాడు.

ఊరి నేలైన ఆ నలభై మూరల్లో మేం ఐదే తీసుకున్నాం. మిగతా నేలకి ముళ్ళకంప మళ్ళీ మేమే సర్దాం. మాకు కావలసింది ఐదే కదా, మాట నిలబెట్టుకుందాం అని నేనే అన్నాను. ఎర్రన్న వద్దన్నాడు. నేను వినలేదు. మర్యాదకి పోయాను. ఆ ఎండాకాలం మొత్తంలో నేను చేసిన తప్పు అదొక్కటే.

సోములు సాయంత్రానికి ఉలి సంచితో వచ్చాడు. వస్తూనే గొయ్యిలోకి దిగాడు.

*

మూడు రోజులకి బావ బండికి బాడుగ ఆగిపోయింది. మిల్లుకి ధాన్యం వేరేవాళ్ళు తోలారు. నాలుగో రోజు ఆయన ఎద్దుల మెడలకి గంటలు విప్పి మూట కట్టాడు. నా తోటికోడలు గిన్నెలు సర్దుతోంది. ఆమె ఏడవలేదు, నా మొహం చూడలేదు. పిల్లలిద్దర్నీ తీసుకుని టెక్కలి అవతల ఆమె పుట్టింటికి వెళుతున్నారు.

శాల లేస్తోంది కదా బావా, నీ ఎద్దుల చోటు కూడా తయారైంది కదా అన్నాను. ఆయన రాటల్ని చూశాడు. ఎద్దుల చోటులో పరచిన ఎర్ర కంకరని కాలితో నొక్కి చూశాడు. గట్టిగానే ఉంది.

"నాను ఆయన గింజలు తిన్నాను బుల్లమ్మా. ఆయన గడ్డి పీకిన ఇంట్లో ఉండలేను."

"ఆ గింజలు నువ్వు మోసినవే బావా."

"అవతాది. నాకు నీ అంత నోరు లేదు."

అత్త వీధి గుమ్మంలో నిలబడి కొడుకు బండి మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత లోపలికి వచ్చి, ఏడుగురికి ఎసరు పెట్టబోయి, నీళ్ళు సగం పారబోసింది. నేను చేసింది తప్పని నేననను. బావ లేని ఇల్లు బాగుందనీ అనను. రెండూ రాస్తున్నాను, చదివేవాళ్ళు ఒకటే పట్టుకుని పోవద్దు.

ఆర్ద్ర కార్తెలో వాన పట్టింది. అప్పటికి కప్పు వేసి వారమైంది. రెండో రోజు పొద్దున్న రంగి గాడి దగ్గర గడ్డి ముట్టలేదు. కూర్మయ్య వెదురు దబ్బ తీసి మేకల్ని ఇంట్లోకి తోలాడు. ఎర్రన్న వచ్చి గోడ వార కూర్చున్నాడు. రంగి పడుకుంది, లేచింది, చుట్టూ తిరిగింది, మళ్ళీ పడుకుంది. ఐదు మూరల్లో ఎక్కడా దాని ఒళ్ళు గోడకి తగల్లేదు. అన్నం వేళకి పిల్ల పడింది. నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకి పోతూ, మూడుసార్లు కూలబడి, నాలుగోసారి నిలబడింది. బయట వాన హోరుమంటోంది. అది పొడిగా ఉంది. అత్త దాని మొహం చీరకొంగుతో తుడిచి, బావకి కబురు చెయ్యమంది.

కబురు చేశాం. ఆయన రాలేదు. పిల్ల ఆడదో మగదో అడిగి పంపాడు.

పెరిగిన ఐదు మూరల్లో ఎర్రన్న గుర్రం చేరింది. ఎద్దుల కోసం వదిలిన చోటులో ఆ వానలకే ఇంకో రెండు జట్కా గుర్రాలు వచ్చాయి. ఖాళీగా ఉంచి ఏం చెయ్యను? ఎద్దాయంతో కట్టిన శాలలో నాలుగు గుర్రాలు, ఒక పిల్ల, గేదె, మేకలు ఉన్నాయి. ఎద్దు లేదు. ఏడాదైంది. ఏదీ అంటుకోలేదు. ఏదీ కాలు విరగ్గొట్టుకోలేదు. రంగి దగ్గు తగ్గింది.

*

ఇప్పుడు వినండి.

స్టేషను దగ్గర జట్కాలు పదకొండు. నాలుగు గుర్రాలకి మా శాల ఉంది. ఏడు ఇంకా ఆకాశం కిందే ఉన్నాయి. పోయిన కార్తీకంలో తుపాను గాలికి వాటిలో ఒకటి నిలబడ్డ చోటే కూలి చచ్చింది. దాని యజమాని అప్పు చేసి ఇంకోదాన్ని తెచ్చాడు, అదీ అక్కడే తడవబోతోంది. రాయికి ఇవతల ముప్ఫై ఐదు మూరల ఊరి నేల మీ ముళ్ళకంపలో ఉంది. దాని మీద గడ్డి కూడా లేదిప్పుడు. ఊరికే ఉంది.

ఈ నెలలో మీరు మళ్ళీ కూర్చున్నారట. బండ్ల స్టాండులో గుర్రాలకి పంచాయతీ తరఫున పాక వేస్తారట. కొలతలు కూడా అరుగు మీదే అయిపోయాయట, వెడల్పు ఐదు మూరలట. ఐదు మూరలు ఏం చేస్తాయో మా పెద్దెద్దుకి తెలుసు. ఆ కాగితం చింపెయ్యండి.

స్టాండులో వద్దు. ముప్ఫై ఐదు మూరల్లో కట్టండి. వెడల్పు ఏడుకి తగ్గడానికి వీల్లేదు. రాట పాతే ముందు నేల మీద ముగ్గు వెయ్యండి. ఏడు గుర్రాల్నీ తోలుకొచ్చి లోపల తిప్పండి. గీత చెరిగితే గీతని జరపండి, గుర్రాన్ని కాదు. సోములుకి కూలి పంచాయతీ ఇవ్వాలి. పంతులు గారు వస్తే రానివ్వండి, నాకు ఆయనతో తగువు లేదు. కాని ఆయన కంటే ముందు ఏడుగురు జట్కావాళ్ళనీ, వాళ్ళ ఇళ్ళలో పేడ తీసే ఏడుగురు ఆడవాళ్ళనీ అడగండి. మీ ధాన్యం తోలే పని మా బావ ఎల్లాజీకి తిరిగి ఇవ్వండి. ఆయన మీ గడ్డి ఒక్క పరక కదపలేదు.

కంచె మాత్రం ముందు తీయండి. మృగశిర కార్తె రాకముందే తీయండి. ఇంకా పద్దెనిమిది రోజులుంది.